ఆరు నెలల స్టాంపు కోసం ఒక సఫారీ

బాలమణి జనగామ డిపోలో ఆర్టీసీ కండక్టరుగా పనిచేసి రిటైరైంది. ఉద్యోగమంతా కదిలే బస్సులో నిలబడి టికెట్లు కొట్టిన మనిషి. అలాంటి ఆమెను అల్లుడు ఫణి ఏ ఎయిర్‌పోర్టుకు తీసుకెళ్లినా ముందు వీల్‌చెయిర్‌లో కూర్చోబెడతాడు.

మొదటిసారి ఆ కుర్చీని చూసి ఆమె అడిగింది: "నా కాళ్లు మంచిగనే ఉన్నయి గదా?"

"కాళ్ల కోసం కాదు అత్తయ్యగారూ, లైన్ కోసం."

అమెరికాలో పిల్లలున్న తెలుగు పెద్దల మోకాళ్ల మీద ఎవరైనా డాక్టర్లు పరిశోధన చేయాలి. తిరుమల మెట్లు ఎక్కి దిగినవాళ్లకు కూడా ఎయిర్‌పోర్టు గుమ్మం దాటగానే నడక పోతుంది. సామాన్లు తిరిగే బెల్టు దగ్గరికి రాగానే మళ్లీ వస్తుంది. మధ్యలో ఉండేది ఇమ్మిగ్రేషన్ లైను. కుర్చీలో ఉన్నవాళ్లకు ఆ లైను ఉండదు, కుర్చీ తోసే మనిషికి దారి తెలుసు, కూర్చున్న ముసలమ్మను ఆఫీసరు పెద్దగా ప్రశ్నలు వేయడు. మూడు లాభాల ముందు కాళ్లు ఉన్నాయా లేవా అన్నది చిన్న విషయం.

ఆమె ఏప్రిల్‌లో నార్త్ కరోలినాలోని క్యారీకి వచ్చింది. కూతురు శ్రీవల్లి సాఫ్ట్‌వేర్ కంపెనీలో మేనేజరు. ఫణి తెనాలివాడు, ఒక మందుల కంపెనీలో డేటా చూస్తాడు. ఇద్దరికీ గ్రీన్‌కార్డులు. మనవరాలు వేదకు పదకొండేళ్లు. "అమ్మా, ఇన్నేళ్లు కష్టపడ్డావ్, ఇక్కడ హాయిగా రెస్ట్ తీసుకో" అని శ్రీవల్లి మొదటిరోజు చెప్పింది. రెండోరోజు స్టవ్ ఎట్లా వెలిగించాలో చూపించింది.

తర్వాత రెస్ట్ అంటే ఏమిటో బాలమణికి తెలిసింది. పొద్దున బాక్సులు కట్టడం, మధ్యాహ్నం వేద స్కూల్ బస్సు దిగే మూలకు నడిచివెళ్లి తీసుకురావడం, సాయంత్రం వంట. ఆ వీధుల్లో నడిచే మనిషి ఆమె ఒక్కతే కాబట్టి ఒకరిద్దరు కార్లు ఆపి సాయం కావాలా అని అడిగారు కూడా. ఇక శనివారం వస్తే పాట్‌లక్. ఎవరింటి వంట వాళ్లు చేసి తెచ్చుకుని కలిసి తినడం దాని నియమం. శ్రీవల్లి ఇంటి వాటా రెండు ట్రేల నుంచి నాలుగు ట్రేలకు పెరిగింది. సకినాలు, మక్కగారెలు, సర్వపిండి. తిన్నవాళ్లంతా ఒకే మాట అనేవాళ్లు: "ఆంటీ, మీరు గనక రెస్టారెంట్ పెడితే జనం క్యూ కడతారు." అని, మిగిలినవి డబ్బాల్లో సర్దుకుని ఇంటికి పట్టుకెళ్లేవాళ్లు.

వాళ్లకు తెలియని సంగతి ఏమిటంటే, ఆమె నిజంగానే పెడుతోంది. డిపోలో తనతో పాటు కండక్టరుగా చేసిన ఉమ, జనగామ బస్టాండు వెనక ఒక మడిగె అద్దెకు తీసుకుంది. దసరా రోజు ఇద్దరూ కలిసి అందులో కర్రీ పాయింట్ తెరవాలి. ఉమ రోజూ పొద్దున ఫోన్ చేసి గోడలకు ఏ రంగు వేయించాలో, కూరలు వండే పెద్ద గంజులు ఎన్ని తేవాలో అడిగేది.

"నువ్వు వస్తవా రావా? సక్కగ చెప్పు. అక్కడ ఏసీల కూసున్నంక ఇది యాదికుంటదా?"

"సెప్టెంబర్ ఆఖర్ల టికెట్ ఉన్నదే ఉమా. టికెట్ నా సంచిల్నే పెట్టుకున్న."

ఆ టికెట్ మీద బాలమణికి ఎంత నమ్మకం ఉందో, దాని తేదీ మార్చడం ఐదు నిమిషాల పని అని ఫణికి అంత నమ్మకం ఉంది.

చూడటానికి వచ్చే తల్లిదండ్రులకు అమెరికా మామూలుగా ఆరు నెలలు ఉండనిస్తుంది. ఏప్రిల్‌లో వచ్చినవాళ్లు అక్టోబర్ మొదట్లో వెళ్లిపోవాలి. పొడిగించమని అర్జీ పెట్టుకోవచ్చు గానీ, జవాబు కోసం ఎదురుచూడాలి. ఈ విషయంలో క్యారీ తెలుగువాళ్లకు ఒక పెద్దదిక్కు ఉన్నాడు. పేరు కొండల్ రావు. ఆయన వృత్తి డేటాబేసులు. లా చదవలేదు. అయినా వాట్సాప్ గ్రూపులో ఆయన చెప్పిందే వీసా చట్టం.

"ఫణీ, అర్జీలు గిర్జీలు ఎందుకు? దేశం దాటించి మళ్లీ తీసుకురా. కొత్తగా దిగినట్టే. కొత్త స్టాంపు, ఇంకో ఆరు నెలలు."

"కెనడా తీసుకెళ్లమంటావా అన్నా?"

"అదే తప్పు చేస్తారు అందరూ. కెనడా, మెక్సికో వెళ్లొస్తే పాత డేటే నడుస్తుంది. దూరం పోవాలి. యూరప్ వీసాకి అపాయింట్‌మెంట్ దొరకదు. కెన్యా అయితే ఆన్‌లైన్‌లో పర్మిషన్ ఇచ్చేస్తారు."

అట్లా సింహాలు రంగంలోకి వచ్చాయి.

ఫణి అందరికీ పెళ్లిరోజు ట్రిప్ అని చెప్పాడు. ఆగస్టులో, కెన్యాలో ఒక పెద్ద అభయారణ్యం చివరన ఉన్న ప్రైవేట్ లాడ్జి. "ప్రైవేట్" అనే మాట చెప్పేటప్పుడు అతని గొంతు కొంచెం తగ్గేది, వినేవాళ్లు దగ్గరికి జరిగేవాళ్లు. అసలు సంగతి బాలమణికి పాట్‌లక్‌లో తెలిసింది. కొండల్ రావు సకినం కొరికి సంతోషం పట్టలేక అనేశాడు: "సింహాల పుణ్యమా అని ఇంకో ఆరు నెలలు మాకు సకినాలకు ఢోకా లేదు ఆంటీ!"

మర్నాడు ఆమె కూతుర్ని అడిగింది. "నేను దసరాకు మడిగె తెరవాలె బిడ్డా. ఉమకు మాటిచ్చిన."

"అమ్మా, ఈ వయసులో కర్రీ పాయింట్ నీకు అవసరమా? ఎవరి కోసం అక్కడ పొయ్యి దగ్గర నిలబడి అలా కష్టపడతావ్?"

బాలమణి ఆ సమయంలో పొయ్యి దగ్గరే నిలబడి ఉంది. ఇరవైమందికి సరిపడా వంకాయకూర అడుగంటకుండా తిప్పుతోంది.

"ముందు స్టాంప్ పడనీ అమ్మా. టికెట్ సంగతి తర్వాత చూద్దాం" అంది శ్రీవల్లి. స్కూల్ అయిపోయాక వేదను ఎవరు చూస్తారు, తన ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజుల టైంలో ఇల్లు ఎట్లా నడుస్తుంది అన్నవి ఆమె పైకి అనలేదు. స్టాంపు పడితే వెళ్తానన్న మనిషిని ఆపడం తేలిక. "ఇంకా ఐదు నెలలు ఉండొచ్చు కదా, ఎందుకు తొందర?" అంటే జవాబు ఉండదు. బాలమణికి అది తెలుసు. పాసింజర్లతో ఏళ్ల తరబడి వాదించిన మనిషికి ఏ వాదన ఎక్కడ ఆగిపోతుందో తెలియకుండా ఉండదు.

లాడ్జికి వెళ్లే చిన్న విమానంలో సామాను బరువుకు హద్దు ఉంది. మెత్తటి సంచులే తేవాలి. ఫణి కుటుంబం రెండు సాయంత్రాలు కూర్చుని చర్చించి బరువు తగ్గించింది. బట్టలు తగ్గాయి. చెప్పులు తగ్గాయి. రైస్ కుక్కర్, బియ్యం, పొడులు, ఆవకాయ, చింతపండు గుజ్జు తగ్గలేదు.

"మూడు పూటలా వాళ్లే వండి పెడతరట గదా?" అంది బాలమణి.

"వాళ్ల ఫుడ్ మనకు పడదు అత్తయ్యగారూ. మూడోరోజుకి చారు లేకపోతే నాకు తలనొప్పి వస్తుంది. మీరున్నారు కదా, ఒక్క పూట పెట్టేస్తే చాలు."

లాడ్జి అంటే గుడారాలు. గుడారం అంటే లోపల పాలరాతి స్నానాల తొట్టి, బయట చెక్క వరండా, వరండా ముందు కనుచూపుమేర గడ్డి, గడ్డిలో చుక్కల్లా జింకలు. మేనేజరు వేడి తువ్వాళ్లు ఇచ్చి, చల్లటి పళ్లరసం ఇచ్చి, ఏం తినాలనిపిస్తే అది చెప్పండి, మా వంటశాల మీదే అన్నాడు. ఫణి ఇంగ్లిష్‌లో థాంక్యూ చెప్పి, తెలుగులో "కుక్కర్ ఏ సంచిలో పెట్టావ్?" అని శ్రీవల్లిని అడిగాడు.

మొదటి ఉదయం సఫారీకి బయలుదేరారు. పైకప్పు తప్ప గోడల్లేని జీపు. తొమ్మిది సీట్లు. వీళ్లు నలుగురు. బాలమణి ఎక్కి కూర్చుని వెనక్కి తిరిగి చూసింది. ఖాళీ సీట్లు కనపడితే లెక్కపెట్టడం ఆమెకు అలవాటు.

"మిగతోళ్లు ఏరి?"

"ఎవరూ లేరు అత్తయ్యగారూ. ఇది ప్రైవేట్. ప్రైవేట్ అంటే మన బండి ఇంకెవరూ ఎక్కరు. దానికే అంత రేటు."

"ఎవలూ ఎక్కని రూటును మా డిపోల రద్దు చేస్తరు" అంది బాలమణి.

చెట్టు నీడలో సింహం దొరికింది. నాలుగు కాళ్లూ చాపి, పొట్ట పైకి పెట్టి పడుకుంది. ఫణి ఫోన్ పైకెత్తి, క్యారీ మిత్రుల కోసం వీడియో మొదలుపెట్టాడు. "ఫ్రెండ్స్, ఇప్పుడు మనం కింగ్ ఆఫ్ ద జంగిల్‌కి చాలా డేంజరస్ డిస్టెన్స్‌లో ఉన్నాం." సింహం తోకతో ఈగను తోలింది. ఫణి కాసేపు చూసి, గైడుతో, దాన్ని ఏమైనా లేపడానికి వీలుందా, గర్జన ఒకటి పడితే బావుంటుంది అని అడిగాడు. గైడు అది జోకేమో అనుకుని నవ్వాడు.

"పండుకోనియ్యండి అల్లుడుగారూ. నైట్ డ్యూటీ చేసినట్టున్నది" అంది బాలమణి. ఆ మాట కూడా వీడియోలో పడింది. తర్వాత ఫణి దాన్ని కత్తిరించాడు.

మధ్యాహ్నం లాడ్జిలో భోజనానికి పిలుపు వచ్చినా వీళ్లు వెళ్లలేదు. బాలమణి బియ్యం కడిగింది. ఫణి ప్లగ్గుకు తగిలించే అడాప్టర్ తెచ్చాడు. అన్ని దేశాల గోడలకూ సరిపోయేది. దాని మీద అతనికి గర్వం. ప్లగ్గు ఆకారం మార్చాడు గానీ, కెన్యా గోడలో వచ్చే కరెంటు అమెరికాలోదానికి రెట్టింపు అన్న సంగతి అతని డేటాలో లేదు. స్విచ్ వేశాడు. కుక్కర్ ఒకసారి గట్టిగా దగ్గింది, నల్లటి పొగ వదిలింది. పంకా ఆగింది. పక్క గుడారంలో పంకా ఆగింది. ఆ వరుసలో గుడారాలన్నీ బయటికి వచ్చి చూశాయి.

మేనేజరు కరెంటు మనిషిని వెంటబెట్టుకుని వచ్చాడు. మర్యాదస్తుడు. కాలిపోయిన కుక్కర్‌ను చూశాడు, నీళ్లలో నానుతున్న బియ్యాన్ని చూశాడు, తడి చేతులతో నిలబడ్డ బాలమణిని చూశాడు.

"ఈవిడ మీ వంటమనిషా సర్?"

"నో నో! షి ఈజ్ మై మదర్ ఇన్ లా! మా గెస్ట్!"

"మరి ఎందుకు వండుతున్నారు?"

అతను ఎత్తిపొడవాలని అడగలేదు. ఊరికే, తెలుసుకుందామని అడిగాడు. ఫణి శ్రీవల్లి వైపు చూశాడు. శ్రీవల్లి కుక్కర్ వైపు చూసింది. జవాబు కోసం అందరికంటే శ్రద్ధగా ఎదురుచూసింది బాలమణి. ఫణి వంగి ప్లగ్గు పీకాడు.

ఆ మర్నాటి నుంచి ఆమెకు చేయడానికి ఏ పనీ లేదు. సఫారీ నుంచి వచ్చాక ఫణి, శ్రీవల్లి నిద్రపోయేవాళ్లు. వేద ఈత కొలనులో ఉండేది. ఊరికే కూర్చోవడం రాని బాలమణి వంటశాల వెతుక్కుంటూ వెళ్లింది. అక్కడ పెద్ద వంటావిడ ఎస్తేరు కనిపించింది. తనంత వయసు మనిషి, తలకు గుడ్డ, పొయ్యి మీద పెద్ద గిన్నెలో తెల్లటి ముద్ద తిప్పుతోంది.

"మా డిపోల గూడ ఒక ఎస్తేరు ఉండె" అంది బాలమణి తెలుగులో. తర్వాత ముద్దను చూపించి, "మక్క గట్క!" అంది. ఇది తన ఊళ్లో తినే మొక్కజొన్న గట్కే. మనిషి రంగులో గానీ, గట్క రంగులో గానీ ఆమెకు పెద్ద తేడా కనపడలేదు. గరిట అందుకోబోయింది. ఎస్తేరు గరిట వెనక్కి లాక్కుని, స్టూలు చూపించింది.

"నో. గెస్ట్. సిట్."

ఏప్రిల్ తర్వాత వంటింట్లో ఎవరైనా ఆమెను కూర్చోమనడం అదే మొదలు.

ఇద్దరి ఇంగ్లిషూ సమానంగా కుంటేది కాబట్టి మాటలు బాగా సాగాయి. ఎస్తేరు ఊరు చాలా దూరం. లాడ్జిలో ఆరు వారాలు డ్యూటీ, తర్వాత రెండు వారాలు ఇల్లు. ఈ శనివారం వెళ్లిపోతుంది.

"బిగ్ గెస్ట్ కమ్, దెన్?" అని అడిగింది బాలమణి.

"దేశాధ్యక్షుడే రానీ. శనివారం జోసెఫ్ వస్తాడు. తాళాలు జోసెఫ్‌కి ఇస్తాను. వెళ్తాను."

"ఓనర్ యాంగ్రీ?"

"ఎందుకు? జోసెఫ్‌కి నీళ్లు కాచడం వచ్చు."

"రిలీవర్!" అంది బాలమణి.

"యెస్, రిలీవర్" అంది ఎస్తేరు.

బాలమణికి ఆ మాట విని చాలాకాలమైంది. డిపోలో అది రోజూ వినే మాట. డ్యూటీ మారే స్టేజీ దగ్గర రిలీవర్ నిలబడి ఉంటాడు. టికెట్ల మిషను, డబ్బు సంచి అతని చేతిలో పెట్టి దిగిపోవడమే. బస్సు ముందుకు పోతుంది. దిగిన కండక్టర్ని ఎవరూ, నీకు ఈ బస్సంటే ప్రేమ లేదా, పాసింజర్లంటే ఇష్టం లేదా అని అడగరు. క్యారీలో ఆమె మిషను పట్టుకుని నిలబడింది. స్టేజీలు పోతున్నాయి. ఏ స్టేజీలోనూ ఎవరూ నిలబడి లేరు.

"నువ్వు ఇంటికి ఎప్పుడు?" అని ఎస్తేరు అడిగింది.

"సెప్టెంబర్. టికెట్ దేర్."

"నీ రిలీవర్?"

ఎవరూ లేరన్నట్టు బాలమణి చేతులు తిప్పింది. ఎస్తేరు ముద్దను పళ్లెంలోకి బోర్లించి, దాని మీద ఆకుకూర వేసి, ఆమె ముందు పెట్టింది. "అయితే రిలీవర్ లేకుండానే దిగు. వాళ్లే నీళ్లు కాచుకుంటారు."

శనివారం పొద్దున వీళ్ల ప్రయాణం కూడా. విమానం దిగే మైదానం పార్కు గేటు పక్కనే ఉంటుంది. జీపు బయలుదేరేసరికి లాడ్జి వెనక దారిలో ఎస్తేరు సంచితో నిలబడి ఉంది. పనివాళ్లను గేటు దాకా తీసుకెళ్లే లారీ టైరు విప్పి పెట్టారు. జీపు ఆమెను దాటింది.

"హోల్డాన్!" అని అరిచింది బాలమణి.

ఆ కేకకు తెలంగాణలో ఎన్ని బస్సులు ఆగాయో లెక్క లేదు. కెన్యా జీపు కూడా ఆగింది. గైడు వెనక్కి తిరిగి చూశాడు. ఆమె ఎస్తేరును చేత్తో పిలుస్తోంది.

"అత్తయ్యగారూ, ఇది ప్రైవేట్ వెహికల్ అండీ..."

"సీట్లు కనవడుతలేవా? ముందుకు జరుగుండ్రి."

ఫణి జరిగాడు. ఎందుకు జరిగాడో అతనికీ తెలియదు. ఆ గొంతు విన్నవాళ్లు జరుగుతారు, అంతే. ఎస్తేరు ఎక్కి వేద పక్కన కూర్చుంది. దారంతా వేదకు స్వాహిలీలో అంకెలు నేర్పింది. మధ్యలో వేద అడిగింది, మీరు వెళ్లిపోతే లాడ్జిలో అందరూ ఏం తింటారని. "జోసెఫ్ వండింది తింటారు. నీళ్లు కాచడం వచ్చు. కొంచెం ఉప్పు ఎక్కువ. ఎవరూ చచ్చిపోరు." గేటు దగ్గర ఆమె దిగి, బాలమణి చెయ్యి నొక్కి, సంచి తలకెత్తుకుని వెళ్లిపోయింది. వెనక్కి తిరిగి చూడలేదు.

"రైట్ రైట్" అంది బాలమణి గైడుతో.

నైరోబీ నుంచి న్యూయార్క్ విమానంలో ఫణి ఆమెకు పాఠం చెప్పాడు. కొండల్ రావు పంపిన పాఠమే.

"ఎక్కడికెళ్లారు అంటే సఫారీ అనండి. ఎంతకాలం ఉంటారు అంటే సిక్స్ మంత్స్ అనండి. వేదను చూసుకుంటున్నా అని పొరపాటున కూడా అనకండి. వంట అనే మాటే వద్దు. పని చేస్తున్నారని అనుకుంటారు."

"మరి ఏం జేస్తున్నవ్ అంటే?"

"రెస్ట్ అనండి."

"అబద్ధం చెప్పాల్నా?"

"అబద్ధం ఏముంది అత్తయ్యగారూ?" అన్నాడు ఫణి. నిజంగానే నొచ్చుకున్నాడు.

న్యూయార్క్‌లో దిగగానే వీల్‌చెయిర్ సిద్ధంగా ఉంది. గ్రీన్‌కార్డు వాళ్లది ఒక లైను, విజిటర్లది ఇంకొకటి. కుర్చీ తోసే అమ్మాయి బాలమణిని విజిటర్ల వైపు తిప్పింది. ఫణి వెంట రాబోతే అక్కడి సెక్యూరిటీ మనిషి అతన్ని తన లైన్లోకి పొమ్మని చెయ్యి చూపించాడు.

"అమ్మా, గుర్తుంది కదా? సిక్స్ మంత్స్!" అని శ్రీవల్లి తాడుకు అవతల నుంచి కేకేసింది.

కుర్చీ అందర్నీ దాటుకుని కౌంటర్ ముందు ఆగింది. అద్దం వెనక యూనిఫాం, బ్యాడ్జి, విసుగు. బాలమణికి ఆ ముఖం తెలుసు. చెకింగ్ ఇన్‌స్పెక్టర్ల ముఖం. వాళ్లతో కూర్చుని మాట్లాడిన అలవాటు ఆమెకు లేదు. కుర్చీలోంచి లేచి నిలబడింది. తోసే అమ్మాయి "మ్యామ్!" అని రెండు చేతులూ చాపింది, పడిపోతుందేమోనని.

"ఎక్కడికి వెళ్లారు?" ఆఫీసరు అడిగాడు.

"కెన్యా. లయన్."

"బాగుందా?"

"స్లీపింగ్."

ఆఫీసరు పాసుపోర్టు పేజీలు తిప్పాడు. "ఇక్కడ ఎంతకాలం ఉంటారు?"

తాడుకు అవతల, దూరంగా, ఫణి కాలివేళ్ల మీద లేచి చూస్తున్నాడు. ఆరు వేళ్లు కనపడేలా రెండు చేతులూ పైకెత్తాడు. బాలమణి అటు చూడలేదు. సంచిలోంచి టికెట్ కాగితం తీసి, మడత విప్పి, కౌంటర్ మీద పెట్టి, తేదీ మీద వేలు పెట్టింది.

"సెప్టెంబర్. గో హోమ్. షాప్ ఓపెనింగ్. కర్రీ."

"మీ షాపా? ఇండియాలో?"

"మై షాప్. మై ఫ్రెండ్ షాప్. టూ కండక్టర్స్."

ఆఫీసరుకు అర్థం కాలేదు గానీ తల ఊపాడు. "సరే. టికెట్ ఎప్పుడున్నా, నేను మామూలుగా ఆరు నెలలు ఇస్తాను. అవసరమైతే వాడుకోండి."

"నో సిక్స్."

"ఏంటి?"

"టికెట్ అప్‌టు సెప్టెంబర్. గివ్ అప్‌టు సెప్టెంబర్. ఎక్‌స్ట్రా గివ్, దే విల్ యూజ్."

"ఎవరు?"

"ఫ్యామిలీ."

ఆఫీసరు కీబోర్డు మీంచి చేతులు తీసి ఆమె వైపు పూర్తిగా తిరిగాడు. ఆ కౌంటర్ ముందు ఇంకో నెల, ఇంకో వారం అని బతిమాలినవాళ్లనే అతను చూశాడు. తగ్గించమని బేరమాడే మనిషిని చూడలేదు. "అక్టోబర్ పదిహేను దాకా ఇస్తాను. ఫ్లైట్ లేటు కావచ్చు కదా" అన్నాడు. అది న్యాయంగానే ఉంది. బండి లేటు సంగతి బాలమణికి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఒప్పుకుంది.

సామాన్ల బెల్టు దగ్గరికి ఆమె నడిచే వచ్చింది. వీల్‌చెయిర్‌లో ఆమె చేసంచి కూర్చుని వచ్చింది.

ఫణి పాసుపోర్టు లాక్కుని తేదీ చూశాడు. స్టాంపు తప్పేమోనని ఫోన్‌లో సర్కారు వెబ్‌సైటు తెరిచి చూశాడు. అక్కడా అదే ఉంది.

"అత్తయ్యగారూ! ఏం చెప్పారు అతనికి?"

"అడిగింది చెప్పిన."

"ఆరు నెలలు ఇవ్వనన్నాడా?"

"ఇస్తనన్నడు. నేనే వద్దన్న."

ఫణి అక్కడికక్కడే కొండల్ రావుకు ఫోన్ చేశాడు. స్పీకర్లో ఆయన గొంతు వినపడింది: "వద్దన్నారా? అలాంటి ఆప్షన్ ఉందని నాకే తెలీదే!"

శ్రీవల్లి కళ్లు ఎర్రబడ్డాయి. "అంటే నీకు మా దగ్గర ఉండటం ఇష్టం లేదా అమ్మా?"

"ఇష్టం లేకనే దిగుతరా బిడ్డా ఎవరన్న? డ్యూటీ అయింది, దిగుతున్న. రూటు యాడికి పోతది, మళ్ల ఎక్కుత."

"మరి వేద స్కూల్? మా డిన్నర్? నాకు అక్టోబర్‌లో రిలీజ్ ఉంది..."

"రిలీవర్ని చూసుకోండి."

బెల్టు మీద మొదటి సంచి వచ్చింది. కాలిపోయిన కుక్కర్ ఉన్న సంచి. ఫణి దాన్ని కూడా మోసుకొచ్చాడు, వారంటీ ఉంటుందని.

"ఇట్స్ ఓకే అమ్మమ్మా" అంది వేద. "డాడీ వాటర్ బాయిల్ చేస్తాడు. సాల్ట్ ఎక్కువ అయినా ఎవరూ చచ్చిపోరు."

క్యారీలో తర్వాతి పాట్‌లక్‌లో ఫణి సఫారీ స్లైడ్‌షో వేశాడు. సింహం నిద్రపోయింది, ఏనుగులు పోతూ ఉన్నాయి, ఫణి టోపీ బాగుంది. భోజనం కేటరింగ్. బాలమణి సోఫాలో కూర్చుని తింది, పప్పులో పులుపు లేదని చెప్పింది. వాట్సాప్ గ్రూపులో కొండల్ రావు చట్టానికి ఒక సవరణ చేర్చాడు: పెద్దవాళ్లను వీల్‌చెయిర్‌లో పంపండి, కానీ ఒంటరిగా పంపకండి. దానికి చాలామంది బొటనవేళ్లు పెట్టారు.

సెప్టెంబర్ ఆఖరున ఆమె వెళ్లిపోయింది. స్కూల్ అయ్యాక వేదను చూసుకోవడానికి శ్రీవల్లి ఒక ఆఫ్టర్‌స్కూల్ సెంటర్ వెతుక్కుంది. వంట వంతులవారీగా. ఫణి చారు మొదటి వారం చారులా లేదు, రెండో వారం కూడా లేదు, కానీ ఎవరూ చచ్చిపోలేదు. దసరాకు జనగామలో మడిగె తెరుచుకుంది. పొద్దున డ్యూటీ ఉమది, సాయంత్రం బాలమణిది, ఆదివారం సెలవు.

డిసెంబర్‌లో కొండల్ రావు ఇండియా వెళ్లాడు. వరంగల్ పోతూ, క్యారీ మొత్తానికి సకినాలు పట్టుకెళ్దామని మిట్టమధ్యాహ్నం జనగామలో కారు ఆపించాడు. బస్టాండు వెనక షట్టరు దించి ఉంది. ఫోన్ చేశాడు.

"ఆంటీ, నేను కొండల్ రావుని! అమెరికా నుంచి! మీ షాపు ముందే ఉన్నా. ఒక్కసారి వచ్చి తెరుస్తారా?"

"బాగున్నవా బిడ్డా? ఇప్పుడు డ్యూటీల లేను" అంది బాలమణి. "నాలుగింటికి రా. చిల్లర తెచ్చుకో."